పదునైంది నేల

బ్యాండుకు 'బోరింగ్' అని పేరు పెట్టిన పుణ్యాత్ముడు కుళ్ళాయప్ప. మొదట్లో వీళ్ళు కాలేజీ వెనక నీళ్ళు రాని చేతిపంపు అరుగు మీద కూర్చుని వాయించేవాళ్ళు. ఆ పంపును అక్కడ అందరూ బోరింగు అంటారు, అందుకని ఆ పేరు. ఇంగ్లీషులో దానికి 'విసుగు పుట్టించేది' అని అర్థం కదరా అని ఎవరో గుర్తు చేసేసరికే ఇన్‌స్టాగ్రాంలో పేజీ తెరవడం, దానికి బొమ్మ గీయించడం అన్నీ అయిపోయాయి. "అయితే ఏమప్పా, మన బోరింగు మనది" అన్నాడు కుళ్ళాయప్ప. ఆ చర్చ అంతటితో సరి. అనంతపురం పిల్లలకు మొహమాటం ఎక్కడ ఏడ్చింది గనక.

మొత్తం నలుగురు. డ్రమ్స్ వాయించే ఈ కుళ్ళాయప్పది పామిడి. పీర్ల పండగకు అలావు నిప్పుల గుండం చుట్టూ తప్పెట కొట్టి కొట్టి చేతులు పండించుకున్నవాడు. గిటారు ముఖేష్‌ది. అనంతపురం పాతూరులో వాళ్ళ నాయన, చిన్నాయనలు కలిసి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతారు. ఆ కొట్టు మీది గోడౌనే ఇప్పుడు వీళ్ళ ప్రాక్టీసు గది. కీబోర్డు కార్తికేయది. వాళ్ళది విజయవాడ. నాన్నకు బ్యాంకులో బదిలీ అయితే ఇక్కడికొచ్చి డిగ్రీలో చేరాడు. ట్యూను కట్టే తెలివి నలుగురిలో అతనొక్కడికే ఉంది, ఆ సంగతి అతనికీ తెలుసు. ఇక పాడేది అరుణజ్యోతి. కళ్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయలు పండించే ఇల్లు, అనంతపురంలో హాస్టలు. గొంతు విప్పిందంటే గోడౌన్లో స్టీలు బిందెలు కూడా తిరిగి పలికేవి.

ఏటా జూలైలో యూనివర్సిటీ హాల్లో కాలేజీల మధ్య పాటల పోటీ జరుగుతుంది. ఏటా అందరూ సినిమా పాటలే పాడతారు, చప్పట్లు సినిమాకు పోతాయి, కప్పు పాడినవాళ్ళకు వస్తుంది. ఈసారి మాత్రం సొంత పాట ఉంటేనే స్టేజీ ఎక్కనిస్తామన్నారు. సగం బ్యాండులు అక్కడే తప్పుకున్నాయి. బోరింగు తప్పుకోలేదు.

పాట ఎలా రాయాలన్న దగ్గర పద్ధతి చెప్పింది ముఖేష్. వాట్సాప్ గ్రూపులో ఒకరొక లైను రాయాలి, దాని కింద ఇంకొకరు ఎక్కించాలి. ఎవరి లైను వాళ్ళే కొట్టేసుకోవాలి తప్ప ఇంకొకరిది ముట్టుకోకూడదు. ఒకే గల్లాపెట్టె దగ్గర నాయననూ చిన్నాయనలనూ చూస్తూ పెరిగినవాడు కదా, కలిసి పనిచేసేవాళ్ళ తగువు ఎక్కడ మొదలవుతుందో వాడికి బాగా తెలుసు. అందరూ సరేనన్నారు.

మొదటి లైను నాదంటే నాదని ఎవరూ అనకముందే అరుణజ్యోతి పంపేసింది. 'పదునైంది నేల... పదునైంది నేల.'

ఆ మాట ఆమె ఆ రోజు ఆలోచించి పెట్టింది కాదు. వాన పడ్డాక నేల విత్తనం పుచ్చుకోవడానికి సిద్ధమయ్యే ఆ తేమను వాళ్ళ పల్లెలో పదును అంటారు. నాయన పొద్దున్నే చేను దాకా పోయి వచ్చి "పదునైంది" అంటాడు. అంతే, ఇల్లంతా లేస్తుంది. నిన్నటిదాకా అలిగి మాట్లాడని చిన్నాయన కూడా ఎడ్లను విప్పుకుని వస్తాడు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వినపడే మాట అది. కొన్నేళ్ళు అదీ వినపడలేదు. తను పాటంటూ రాస్తే ఈ మాటతోనే మొదలుపెట్టాలని, దాన్ని పదిమంది ముందు గొంతెత్తి పాడాలని చిన్నప్పుడే అనుకుంది. అర్థం విడమరచి చెప్పాలని మాత్రం తట్టలేదు. అన్నం అంటే ఏమిటో ఎవరైనా విడమరచి చెప్తారా?

ఆమె ఆ లైను పంపిన సాయంత్రమే కళ్యాణదుర్గం వైపు గట్టి వాన పడింది. నాయన ఫోను చేసి "రామ్మా, మనుషులు చాలరు" అన్నాడు. అరుణజ్యోతి బస్సెక్కేసింది. విత్తడం మొదలయ్యాక ఫోను ఎక్కడుందో, దానికి చార్జింగు ఉందో లేదో ఎవరికి పట్టింది? పొద్దున చేలోకి దిగితే, మళ్ళీ ఒళ్ళంతా మట్టితో ఇంటికొచ్చి తిని పడుకోవడమే. పాట తన కోసం అక్కడే ఉంటుందిలే అనుకుంది పిచ్చిది.

పని తీరి ఆమె గోడౌనుకు వచ్చేసరికి మిగతా ముగ్గురూ పెళ్ళివారిలా ఎదురుచూస్తున్నారు. పాట అయిపోయిందట. ట్యూను, బీటు, అంతా అయిపోయి ఫోనులో రికార్డు కూడా చేశారట. కార్తికేయ దాన్ని చిన్న స్పీకరులో పెట్టాడు. ముందు డ్రమ్ము దడదడలాడింది, గిటారు రంపంలా కోసింది, ఆ పైన కార్తికేయ గొంతు.

పదునైంది నేల... పదునైంది నేల,
పిడికిలి బిగిసింది, చూపు ఎరుపెక్కింది,
వేటకొడవలి మెరిసింది, లెక్క తేలే వేళ.

పాట ఆగింది. ముఖేష్, కుళ్ళాయప్ప ఆమె మొహంలోకి చూశారు. మెచ్చుకోలు కోసం అంత ఆశగా చూసేవాళ్ళను కసురుకోవడం కష్టమే. అయినా అరుణజ్యోతి కసిరింది.

"వేటకొడవలి ఎవురు తెచ్చినారు ఈడికి?"

"నేనే రాశాను" అన్నాడు కార్తికేయ గర్వంగా. "నువ్వు పదును అన్నావు కదా, దాన్నే పట్టుకుని వెళ్ళాను. సీమ పౌరుషం అరుణా. హాల్లో విజిల్స్ ఆగవు చూడు."

"మా ఊర్లో నేనెప్పుడూ వేటకొడవలి చూళ్ళేదు. పండక్కి యాటను కోసే కత్తి ఒకటుండాది. అదీ మొండిది."

కుళ్ళాయప్ప కిసుక్కున నవ్వి, ఆమె చూపు తగలగానే మూతి బిగించుకున్నాడు. కార్తికేయకు ఇంకా అర్థం కాలేదు. "మరి నేల పదునైంది అంటే ఏంటి?" అని అడిగాడు. అరుణజ్యోతి చెప్పింది. వాన గురించి, విత్తనం గురించి, నాయన గురించి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వింటున్నకొద్దీ కార్తికేయ మొహం వాడిపోయింది.

పాపం, అతన్ని మాత్రం ఎంతని అంటాం? అనంతపురం బదిలీ అనగానే చుట్టాలంతా 'జాగ్రత్తరా, అక్కడ కత్తులు' అని నవ్వుతూ సాగనంపారు. చిన్నప్పటి నుంచి సినిమాల్లో సీమ అంటే అతను చూసింది సుమోలూ కొడవళ్ళే. సీమ అమ్మాయి పదును అని రాస్తే అతనికి ఇంకేం తోస్తుంది? కానీ తప్పు తెలిసిన వెంటనే ఒప్పుకునే వయసు కాదు అది.

"సరే, అది మీ ఊరి అర్థం" అన్నాడు. "హైదరాబాద్ నుంచి వచ్చే జడ్జికి అది తెలుస్తుందా? పదును అంటే ఎవరికైనా కత్తే గుర్తొస్తుంది. పాట బాగా వచ్చింది. ఇప్పుడు కదిలిస్తే పాడైపోతుంది."

"ఏమిరా కుళ్ళాయీ, నీకు తెల్దా పదునంటే?"

కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. "తెల్సు. నాకూ రోంత అనుమానమొచ్చినాది. గానీ బీటు శానా బాగుండాది గదా అని గమ్మునుంటి."

"నేనీ పాట పాడను" అంది అరుణజ్యోతి.

కార్తికేయ కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ, ఆమె వైపు చూడకుండా, "నువ్వు ఎప్పుడొస్తావో తెలియక కల్పనను అడిగి ఉంచాను. పాడతానంది" అన్నాడు.

కల్పన వాళ్ళ కాలేజీలోనే బీకాం. మంచి గొంతే. ఆ మాట అరుణజ్యోతికి చెంపమీద కొట్టినట్టు తగిలింది. తను పోతే పోతుంది, బ్యాండు ఇంకొకటి దొరుకుతుంది. కానీ ఆ మొదటి లైను? నాయన నోట్లోని మాట, ఇన్నేళ్ళు దాచుకున్న మాట, కొడవలికి ముందు డప్పులా మోగుతుంది. ఈ నేల గురించి ఎవరు నోరు తెరిచినా కత్తితో మొదలుపెట్టి కత్తితో ముగిస్తారు. నాలుగు చినుకుల కోసం మెడలు నొప్పెట్టేలా మబ్బును చూసే ఊళ్ళివి, ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడా కత్తిని తన మాటతోనే వాళ్ళ చేతికందిస్తున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ముఖేష్ మెల్లగా అన్నాడు. "రూలు ప్రకారం నీ లైను నువ్వు కొట్టేసుకోవచ్చు అరుణా. అప్పుడు పాటకు తలకాయ ఉండదు. మేం వేరే రాసుకోవల్ల."

"నేనేంటికి కొట్టేసుకోవల్ల? ముందు వచ్చింది నా మాట. అది యాడికీ పోదు." కార్తికేయ వైపు తిరిగి, "ఇంకోసారి పెట్టు. వింటా" అంది.

రెండోసారి విన్నప్పుడు ఆమెకు ఇంకో కోపం వచ్చింది. ట్యూను నిజంగానే బాగుంది. రెండో లైను దగ్గర రాగం పైకి లేచి, కాసేపు గాలిలో ఆగి, దిగుతుంది. ఆ దిగడంలో ఏదో బెంగ ఉంది. కొడవలి కోసం కట్టినవాడికి ఆ బెంగ ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆమె పెదాలు కదిపింది. 'పిడికిలి బిగిసింది' అనేసరికి కుడిచేయి దానంతటదే మూసుకుంది. మూసుకున్న చేతిని చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా పోలేదు.

"ఆపు ఆపు" అంది. "కార్తీ, నీ లైను నేను కొట్టేయమనను. దాని కింద ఒకటి ఎక్కిస్తా. రూలు ఒప్పుకుంటాది గదా ముఖేష్?"

"ఎక్కియ్యి. దాన్దేముండాది."

అప్పటికప్పుడు పాడి వినిపించింది, అదే రాగంలో. 'పిడికిట్లో మన్ను ముద్దై నిలిచింది.'

కార్తికేయకు ఇష్టం ఉన్నా లేకపోయినా వేళ్ళు ఊరుకోవు. గుడ్డ తీసి, ఆ లైనును తన లైను కింద పెట్టి వాయించాడు. ఒక్క అక్షరం కూడా బయటికి పొర్లలేదు. "కూర్చుంది" అన్నాడు తనలో తనే. తర్వాత అడిగాడు. "మన్ను ముద్దవడం ఏంటి?"

"పదునైందా లేదా అని మా నాయన చూసేది అట్లే. రోంత లోపలి మన్ను తీసి పిడికిట్లో పట్టి నొక్కుతాడు. పొడిపొడిగా రాలిపోతే ఇంగా చాల్దు. చేతికి అంటుకొని బురదైతే ఎక్కువైనట్ల. ముద్దగా నిలబడితే పదును. నువ్వు రాసిన పిడికిలి అదేనప్పా. నీకే తెల్దు."

కార్తికేయ తన పిడికిలిని తనే చూసుకుంటున్నాడు. "మరి చూపు ఎరుపెక్కడం?" అని అడిగాడు, ఈసారి పరీక్షలో మార్కులు అడిగినట్టు.

"అదీ నిజమే రాసినావు. వాన పడిన రాత్రి మా నాయన నిద్రపోడు, యాడ ఆగిపోతాదో అని. తెల్లారేసరికి కండ్లు ఎర్రగుంటాయి."

ఇక మిగిలింది మూడో లైను. వేటకొడవలి మెరిసింది, లెక్క తేలే వేళ. నలుగురి మనసుల్లోనూ అదే మెదులుతోంది. కొట్టెయ్యమన్న మాట అరుణజ్యోతికి నోటిదాకా వచ్చింది. కానీ పెట్టుకున్న రూలు మీద నిలబడింది. అది అతని లైను.

కార్తికేయ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. కింద బజారులో ఆటోలు అరుస్తున్నాయి. అటే చూస్తూ, "ఆ లైను నాకు చాలా ఇష్టం" అన్నాడు.

"నాకూ ఇష్టమే, కొట్టేదానికి" అన్నాడు కుళ్ళాయప్ప నిజాయితీగా.

కార్తికేయ నవ్వేశాడు. ఫోను తీసి ఏదో నొక్కాడు. మిగతా ముగ్గురూ ఫోన్లు తెరిచి చూసుకుంటే ఆ లైను ఉన్నచోట 'ఈ సందేశం తొలగించబడింది' అని ఉంది. అరుణజ్యోతి లేచి వెళ్ళి కింద టీ బంకులో నలుగురికీ టీ చెప్పి వచ్చింది.

టీలు వచ్చేలోపల కుళ్ళాయప్పకు పూనకం వచ్చింది. కొడవలి పోయిన చోటు ఖాళీగా ఉంచడం వాడివల్ల కాదు. బిందె మీద వేళ్ళతో వాయిస్తూ 'గొర్రు కట్టల్ల, ఇంగ గింజ పట్టల్ల' అన్నాడు. విత్తే గొర్రు బరువుగా లాగినట్టే ఉంది ఆ నడక.

"కట్టల్ల అంటే కట్టాలి అనా?" అని అడిగాడు కార్తికేయ.

"అవ్."

"అలాగే ఉంచు. కట్టాలి అంటే తాళం కుంటుతుంది."

ముఖేష్ మాత్రం గిటారు ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. "నాకు చేను గురించి ఏం తెల్దప్పా" అన్నాడు. "గానీ ఒకటి చెప్తా. గట్టి వాన పడిన మర్సటి రోజు మా కొట్లో ఈగలు తోలుకుంటాంటాం. పల్లె జనం ఒక్కరూ రారు. వాన పీడ అని మా నాయన తిట్టుకుంటాడు. వాళ్ళంతా యాడికి పోయింటారో ఇప్పుడు తెలిసినాది." కాసేపు తీగ లాగుతూ వెతుక్కుని, సిగ్గుపడుతూ పాడాడు. 'బజారు బోసిపాయ, బయలంతా మనుషులాయ.'

కార్తికేయ కీబోర్డు మీద చేతులు ఎత్తేసి దండం పెట్టాడు. అందరికంటే మంచి లైను గిటారువాడికి, అదీ కొట్టువాళ్ళ పిల్లవాడికి తట్టడం అరుణజ్యోతికి కొంచెం అసూయ కలిగించింది. ఆ అసూయ కూడా హాయిగానే ఉంది.

చివరి పేచీ మొదటి లైను దగ్గరే వచ్చింది. అక్కడ డ్రమ్ము వద్దంది ఆమె. కార్తికేయ ఒప్పుకోలేదు. మొదట్లోనే చప్పుడు లేకపోతే మైకు పాడైందనుకుంటారు అన్నాడు.

"అనుకోనీ. ఆ మాట మా నాయన అరిచి చెప్పడు. మెల్లగా చెప్తాడు. అరిస్తే యాడ చెదిరిపోతాదో అని భయమేమో. నేను మెల్లగా చెప్తా. వినపడినాంక కుళ్ళాయి ఎత్తుకుంటాడు." ఆమె గొంతులో ఉన్నది అడగడం కాదు, చెప్పడం. కుళ్ళాయప్ప కర్రలు కింద పెట్టాడు. ఆ రోజు నుంచి పోటీ దాకా గోడౌన్లో అదే పాట. కింద కొట్లో ముఖేష్ చిన్నాయన కూడా బిల్లు రాస్తూ 'బయలంతా మనుషులాయ' అని కూనిరాగం తీసేదాకా వచ్చింది.

పోటీ రోజున హాలు కిటకిటలాడింది. రాప్తాడు నుంచి, పామిడి నుంచి, ధర్మవరం నుంచి కాలేజీ పిల్లలు బస్సుల్లో దిగారు. యాంకరు "ఇప్పుడు బోరింగ్ బ్యాండ్" అనగానే హాలంతా గొల్లున నవ్వింది. కుళ్ళాయప్ప లేచి వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. పాడేముందు పాట పేరు చెప్పాలన్నారు. అరుణజ్యోతి చెప్పింది.

జడ్జి పెద్దాయన. హైదరాబాదులో పాటల రికార్డింగుల మధ్య తలపండినవాడు. చెడ్డవాడేం కాదు. "పదునైంది నేల" అని ఒకసారి పైకి అనుకుని, మైకు దగ్గరికి లాక్కుని, "సీమ పిల్లలనిపించుకున్నారు. పేరులోనే కత్తి దూశారు" అని నవ్వాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు మర్యాదకు నవ్వారు.

ఇక్కడ కూడా అదే కత్తి. జవాబు అరుణజ్యోతి నాలుక మీదే ఉంది, కానీ ఆమె జడ్జిని చూడలేదు, హాలును చూసింది. వెనక వరసల్లో ఎండకు మాడిన మొహాలు. వీళ్ళలో సగం మంది పోయిన నెలలో హాజరు పోయినా సరేనని చేలల్లో నిలబడి వచ్చినవాళ్ళే. ఆమె మైకును వాళ్ళ వైపు తిప్పింది.

"పదునంటే ఏందో సార్‌కు రోంత చెప్పండప్పా."

ముందు ఎవరూ పలకలేదు. ఆమె చెయ్యి దించలేదు. ఆపైన ఎక్కడో వెనక నుంచి ఒక గొంతు, "వాన పడినాంక నేల సార్" అంది. పక్క నుంచి ఇంకొకడు "ఇత్తనం వేసే తేమ సార్" అన్నాడు. ఒకమ్మాయి లేచి నిలబడి, చెయ్యి చాపి పిడికిలి మూసి చూపిస్తూ "మన్ను ఇట్ల ముద్ద కట్టాల సార్" అంది. ఆ తర్వాత ఎవరి మాటా విడిగా వినపడలేదు. హాలు హాలంతా ఒకేసారి జడ్జికి వ్యవసాయం చెప్పడం మొదలుపెట్టింది. నిర్వాహకులు చేతులూపినా ఆగలేదు. తన ఒక్క ఇంట్లో మాట అనుకున్నది ఇంతమంది ఇళ్ళలో మాట అని అరుణజ్యోతికి అప్పుడు తెలిసింది. కడుపు నిండిపోయింది ఆమెకు.

జడ్జి రెండు చేతులూ ఎత్తాడు. "అర్థమైంది, అర్థమైంది. మరి కత్తులు లేవా పాటలో?"

ఆమె ఏదో అనబోయేలోపు కార్తికేయ తన మైకులోకి వంగాడు.

"ఒకటుండేది సార్. నేనే రాసినాను. నేనే కొట్టేసినాను."

కుళ్ళాయప్ప చేతిలో కర్ర గాలిలోనే ఆగిపోయింది. ముఖేష్ తలెత్తి చూశాడు. వీళ్ళతో తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ విజయవాడ నోట రాశాను, చేశాను తప్ప రాసినాను, చేసినాను అని వచ్చిన పాపాన పోలేదు. తను ఏమన్నాడో అతనికి తెలిసినట్టు కూడా లేదు, కీబోర్డు శబ్దం సరిచూసుకుంటున్నాడు. అరుణజ్యోతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండింటినీ మింగి, ఊపిరి తీసుకుని, డ్రమ్ము లేకుండా మెల్లగా మొదలుపెట్టింది.